మడికీ మదికీ మధ్య ఒక పెద్దక్షరం

ఒక ఊడ్పు పాట ఎనిమిది నెలలపాటు మా సేకరణలోంచి మాయమైపోయింది. దాన్నెవరూ దొంగిలించలేదు. డిస్కు చెడిపోలేదు. ఎవరూ కావాలని చెరిపెయ్యలేదు. ఆ ఫైలు పేరులో ఒక ఆంగ్లాక్షరం పెద్దదిగా ఉండడమే కారణం. ఆ పేరు పెట్టినవాణ్ణి నేనే. నింద మోసినవారు మాత్రం వేరొకరు. ఆ సంగతి ఒప్పుకోవడానికీ, దాన్నుంచి నాకేర్పడిన అభిప్రాయాన్ని చదువరుల ముందు పెట్టడానికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను.

మేము కొందరం మిత్రులం కలిసి జానపద గేయాలను పోగుచేసి, ఎవరైనా దింపుకుని వాడుకోగలిగేలా, తప్పులుంటే దిద్దగలిగేలా ఒక ఓపెన్ సోర్సు ప్రాజెక్టుగా నడుపుతున్నాం. పాఠాలన్నీ మామూలు టెక్స్టు ఫైళ్ళు. ఎవరు ఎప్పుడు ఏం మార్చారో గుర్తుపెట్టుకోవడానికి గిట్ వాడతాం. మొదలుపెట్టిన రోజుల్లో ఫైళ్ళకు పేర్లు పెట్టే బాధ్యత నామీద పడింది. మా తరం తెలుగువాళ్ళకు అంతర్జాలంలో తెలుగు రాయడం యూనికోడ్‌తో మొదలవలేదు. రైస్ విశ్వవిద్యాలయం పేరుమీద వచ్చిన ఆర్.టి.ఎస్. పద్ధతిలో, ఆంగ్ల లిపిలో తెలుగు టైపు చేసుకున్నవాళ్ళం. ఆ పద్ధతి చేతికెంతగా అలవాటైపోయిందంటే, పేర్లు పెట్టమనగానే మరో ఆలోచన లేకుండా అలాగే పెట్టుకుంటూ పోయాను.

ఆర్.టి.ఎస్. తెలిసినవారికి కొత్తగా చెప్పక్కరలేదు గానీ, తెలియనివారికోసం ఒక్క మాట. అందులో చిన్నక్షరానికీ పెద్దక్షరానికీ ఉన్న తేడా అలంకారం కాదు, అర్థం. చిన్న ‘డి’ రాస్తే ‘ద’, పెద్ద ‘డి’ రాస్తే ‘డ’. చిన్న ‘ఎన్’ అంటే ‘న’, పెద్దది అంటే ‘ణ’. ‘ల’కూ ‘ళ’కూ, ‘త’కూ ‘ట’కూ అదే భేదం. కనుక ‘మది’ అని రాయాలంటే నాలుగూ చిన్నక్షరాలే. ‘మడి’ అని రాయాలంటే మూడో అక్షరం పెద్దది. ‘కల’, ‘కళ’ కూడా అంతే. ‘పాత’, ‘పాట’ కూడా అంతే. తెలుగు చదవడం వచ్చిన ఏ పసివాడైనా ఈ జంటలను వేరువేరు మాటలుగానే చూస్తాడు. నా లినక్సు కంప్యూటరు కూడా వేరుగానే చూసింది. ఒకే ఫోల్డరులో ‘మడి’ అనే ఊడ్పు పాట, దాని పక్కనే ‘మది’ అనే తత్త్వం ఇరుగుపొరుగుల్లా ఉండిపోయాయి.

విండోసు అలా చూడదు. పేరులో మనం ఏ అక్షరం పెద్దగా రాశామో గుర్తుపెట్టుకుంటుంది గానీ, రెండు పేర్లను పోల్చేటప్పుడు మామూలుగా ఆ తేడాను లెక్కలోకి తీసుకోదు. మాకింటోషు కంప్యూటర్లు కూడా సాధారణంగా ఇదే దారి. వాటి దృష్టిలో మడీ మదీ ఒకటే. ఒక ఫోల్డరులో ఒకే పేరుతో రెండు ఫైళ్ళుండవు కాబట్టి, గిట్ మా సేకరణను అటువంటి కంప్యూటరులోకి దింపినప్పుడు మొదట ‘మడి’ని రాస్తుంది, ఆ తర్వాత అదే చోట ‘మది’ని రాస్తుంది. మిగిలేది ఒక్క ఫైలు, అందులో ఉన్నది తత్త్వం. గిట్ లెక్కల పుస్తకంలో మాత్రం ఫైళ్ళు రెండు. అది ‘మడి’ కోసం వెతుకుతుంది, కంప్యూటరు ఆ ఒక్క ఫైలునే తెచ్చి చూపిస్తుంది, అందులో పాట బదులు తత్త్వం కనబడుతుంది. అప్పుడు గిట్ చేసుకునే నిర్ధారణ ఒక్కటే: “ఈ మనిషి మడి ఫైలును మార్చాడు.”

ఆ మనిషి శ్రీకాకుళం జిల్లాలో తెలుగు పండితులుగా పనిచేసి విరమించిన ఒక మాష్టారు. మా సేకరణలో ఉన్న మంచి పాటల్లో చాలావాటిని ఊరూరా తిరిగి రాసుకొచ్చినవారు ఆయనే. ఇంట్లో మనవడి పాత కంప్యూటరుంది, దాన్లో ఉన్నది విండోసు. ఆ కుర్రవాడే మా సేకరణను దింపిపెట్టి, కమాండ్లు టైపు చెయ్యనక్కరలేని ఒక పనిముట్టు ఎక్కించి, “తాతయ్యా, ఈ మూడు మీటలు వరసగా నొక్కితే చాలు” అని నేర్పాడు. మొదటి మీట మార్పులన్నిటినీ ఎంచుకుంటుంది, రెండోది వాటిని నమోదు చేస్తుంది, మూడోది మాకు పంపుతుంది. డెబ్బై దాటిన వయసులో ఆయన ఆ మూడూ నేర్చుకున్నారు.

తరవాత ఒకరోజు ఫోను చేసి, “బాబూ, నేను ముట్టుకోని ఫైలేదో మార్చినట్టు చూపిస్తోంది. దాన్ని వెనక్కి తిప్పితే పక్కదాన్ని మార్చావంటోంది. ఏం చెయ్యమంటారు?” అని అడిగారు. ఈ రోగం తెలిసినవాడికి ఆ రెండు వాక్యాలు చాలు. ‘మడి’ని యథాస్థితికి తెస్తే ఆ ఒక్క ఫైలులోకీ ఊడ్పు పాట వచ్చి కూర్చుంటుంది, అప్పుడు ‘మది’ మారినట్టు కనబడుతుంది. ఆయన లక్షణాలను వైద్యుడికి చెప్పినంత స్పష్టంగా చెప్పారు. నేను వినలేదు. “ఎక్కడో చెయ్యి తగిలుంటుంది లెండి మాష్టారూ, పర్వాలేదు, అన్నీ కలిపి పంపించెయ్యండి” అన్నాను. ఆయన పంపించారు. ‘మడి’లో ఊడ్పు పాట పోయి తత్త్వం రెండో ప్రతి చేరింది. వచ్చిన మార్పును సరిచూసి ఒప్పుకున్నవాణ్ణీ నేనే. ఆరోజు వచ్చిన నలభై ఫైళ్ళలో అదొకటి, నేను చూడలేదు.

ఎనిమిది నెలల తర్వాత పాటలమీద పరిశోధన చేస్తున్న ఒకావిడ, “విషయసూచికలో ఊడ్పు పాట అని ఉంది, తెరిస్తే తత్త్వం వస్తోందేమిటి?” అని రాశారు. చరిత్ర తిరగేస్తే మాష్టారి పేరు కనిపించింది. మాలో ఒకరు కాస్త కటువుగానే ఆయనకు ఉత్తరం రాశారు. ఇంకొకరు “విండోసు వాడేవాళ్ళకు మార్చే హక్కు ఇవ్వకూడదు” అన్నారు. మాష్టారు “పొరపాటయితే మన్నించండి” అని ఒక్క వాక్యం రాసి, ఆ తర్వాత ఏమీ పంపలేదు. ఆ పాట పాడినావిడ అప్పటికి కాలం చేశారు. పాటను రికార్డు చేసిన వాళ్ళెవరూ లేరు. గిట్ పాత ప్రతులను పారెయ్యదు గనుక పాట తిరిగి దొరికింది. అలా దొరక్కపోయుంటే అనే ఆలోచన నన్ను చాలా రోజులు నిద్రపోనివ్వలేదు. అసలు కారణం వెతకడం మొదలుపెట్టింది అప్పుడే.

వెతికేటప్పుడు తెలిసిన మొదటి సంగతి, ఇది మా ఒక్కళ్ళ జబ్బు కాదని. లినక్సు కెర్నెల్ మూలంలోనే ఇటువంటి జంటలున్నాయి. నెట్‌ఫిల్టర్ విభాగంలో ‘కన్‌మార్క్’ అనే పేరుతో రెండు హెడర్ ఫైళ్ళుంటాయి, ఒకటి పెద్దక్షరాల్లో, ఒకటి చిన్నక్షరాల్లో. పెద్దక్షరాలది గుర్తు వేసే పనికి, చిన్నక్షరాలది ఆ గుర్తును పోల్చి చూసే పనికి. అంటే అక్కడ కూడా అక్షరం పరిమాణంలోనే అర్థం దాగుంది. అయితే ఆ కెర్నెల్ మీద పనిచేసేవారు దాదాపు అందరూ పెద్దక్షరం, చిన్నక్షరం తేడా తెలిసిన కంప్యూటర్లమీదే పనిచేస్తారు. ఆ ఊళ్ళో ఆ ఆచారం చెల్లుతుంది. మా ఊళ్ళో చెల్లదు. మాకు పాటలిచ్చేవారిలో ఎక్కువమంది ఇళ్ళలో ఉన్నది విండోసు.

తెలిసిన రెండో సంగతి, పేర్ల తగువు పెద్దక్షరాలతో ఆగదని. అనుబంధాలు పెట్టుకోవడానికి మా మిత్రుడొకరు ‘ఆక్స్’ అనే మూడక్షరాల ఇంగ్లీషు పేరుతో ఒక ఫోల్డరు తయారుచేశారు. విండోసులో ఆ పేరు పెట్టకూడదు. ఎందుకంటే 1981లో వచ్చిన డాస్, అంతకుముందున్న సీపీ/ఎమ్ బాటలో, కొన్ని పేర్లను పరికరాలకు కేటాయించింది. కీబోర్డుకూ తెరకూ ‘కాన్’, ప్రింటరుకు ‘పి.ఆర్.ఎన్.’, అదనపు తీగకు ‘ఆక్స్’, శూన్యానికి ‘నల్’. ఆ మొదటి డాస్‌లో ఫోల్డర్లే లేవు, కాబట్టి పరికరాల పేర్లు ఎక్కడబడితే అక్కడ చెల్లేవి. 1983లో రెండో డాస్‌తో ఫోల్డర్లొచ్చాయి గానీ, పాత ప్రోగ్రాములు చెడిపోకూడదని ఆ పేర్లను ప్రతి ఫోల్డరులోనూ అలాగే ఉంచేశారు. కాపురమున్నవాళ్ళు వెళ్ళిపోయినా ఇంటిమీద వాళ్ళ పేరు పలక మిగిలినట్టు, ఆ పేర్లింకా మిగిలే ఉన్నాయి.

పాటల మొదటి చరణాన్నే పేరుగా పెట్టిన ఫైళ్ళు కొన్ని ఉండేవి. వాటిలో ప్రశ్నార్థకంతో ముగిసేవి విండోసులో తెరుచుకోవు. విసర్గలా కనబడే రెండు చుక్కల గుర్తు అక్కడ పనికిరాదు. నక్షత్రం గుర్తు, కొటేషన్ గుర్తులు, నిలువు గీత కూడా నిషిద్ధాలే. పేరు చివర చుక్కగానీ ఖాళీగానీ ఉంటే అదీ తగువే. యూనిక్సు కుటుంబంలో నిషేధాలు రెండే: ముందుకు వాలిన గీత ఒకటి, శూన్య విలువగల బైటు ఒకటి. తక్కిన దేన్నైనా పేరులో పెట్టుకోవచ్చు. ఆ స్వేచ్ఛకు అలవాటుపడినవాడు పక్కవాడి ఇంటి గుమ్మం ఎత్తు ఎంతో ఆలోచించడు.

ఈ గొడవంతా ఆంగ్ల లిపి వల్లనేగదా, శుభ్రంగా తెలుగులోనే పేర్లు పెట్టుకుంటే పోదా అని మాలో చిన్నవాడైన ఒక మిత్రుడు వాదించాడు. తెలుగుకు పెద్దక్షరాలూ చిన్నక్షరాలూ లేవు, కాబట్టి మడి మడిగానే ఉంటుంది, మది మదిగానే ఉంటుంది. వినడానికి ఎంత బాగుందో! నా మనసూ అటే మొగ్గింది. కానీ పాట పోగొట్టుకున్నవాణ్ణి గనుక ఈసారి ముందే పరీక్షించి చూశాను. తెలుగుకు దాని చిక్కులు దానికున్నాయి.

మొదటి చిక్కు ఐత్వం. యూనికోడ్‌లో ‘హైదరాబాదు’లోని ‘హై’ని రెండు రకాలుగా రాయవచ్చు. హకారానికి ఐత్వాన్ని ఒకే గుర్తుగా తగిలించడం ఒక పద్ధతి. ఎత్వం పెట్టి దానికింద ఐత్వపు తోకను వేరే గుర్తుగా చేర్చడం రెండోది. రెండూ సమానమని యూనికోడ్ ప్రమాణమే చెబుతుంది, తెరమీదా ఒకేలా కనబడతాయి, కానీ లోపలి బైట్లు వేరు. మొదటిది ఆరు బైట్లు, రెండోది తొమ్మిది. 1998లో వచ్చిన మాకింటోషు ఫైలు వ్యవస్థ హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్, పేర్లను విడదీసి రెండో పద్ధతిలోనే దాచుకునేది. 2017లో దాని స్థానంలోకొచ్చిన ఏ.పి.ఎఫ్.ఎస్. మనమిచ్చిన రూపాన్ని ఉన్నదున్నట్టు ఉంచుతుంది, పోల్చేటప్పుడు మాత్రం రెంటినీ ఒకటిగా చూస్తుంది. లినక్సుకు అవి రెండు వేరువేరు ఫైళ్ళు. అంటే పాత మాకింటోషునుంచి వచ్చిన ‘హైదరాబాదు’, లినక్సులో పుట్టిన ‘హైదరాబాదు’ ఒకే ఫోల్డరులో పక్కపక్కన కూర్చోగలవు, కంటితో చూసి ఏది ఏదో ఎవరూ చెప్పలేరు. మడికీ మదికీ మధ్య కనీసం కంటికి కనబడే తేడా అయినా ఉంది.

రెండో చిక్కు ఇంకా సూక్ష్మమైనది. ‘రాజ్‌కుమార్’ అని రాసేటప్పుడు జకారపు పొల్లు కకారంతో కలిసిపోయి ఒత్తు కాకుండా మధ్యలో కంటికి కనబడని ఒక గుర్తు వేస్తాం. దాన్ని జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. పరభాషా పదాలను సరిగా రాయాలంటే తెలుగువాడికి అది రోజూ కావలసిందే. హెచ్.ఎఫ్.ఎస్. ప్లస్ పేర్లను పోల్చేటప్పుడు ఆ గుర్తును లెక్కచెయ్యదు. ఈ చిన్న నిర్లక్ష్యమే 2014 డిసెంబరులో గిట్‌కు పెద్ద ప్రమాదం తెచ్చింది. గిట్ తన సొంత సరంజామా దాచుకునే ఫోల్డరు పేరు మధ్యలో ఆ కనబడని గుర్తును దూర్చి దుర్బుద్ధిగలవాడెవడైనా ఒక ఫైలు పంపితే, గిట్ దాన్ని వేరే పేరనుకుని లోపలికి రానిచ్చేది. మాకింటోషు మాత్రం అదే పేరనుకుని సరంజామా మీదే రాసేసేది. విండోసులో అక్షరాల పరిమాణం మార్చి ఇదే మోసం చేయవచ్చునని అప్పుడే తేలింది. గిట్ వారు వెంటనే సరిచేశారు. మనం తెలుగును తెలుగులా రాయడానికి వాడే గుర్తు, పేర్లు పోల్చడం తెలియని యంత్రం చేతిలో తాళం చెవి అయిపోగలదన్నమాట.

మూడోది కొలత. లినక్సులో సాధారణంగా ఒక పేరుకు 255 బైట్లు పరిమితి. యూనికోడ్‌ను యు.టి.ఎఫ్.-8 పద్ధతిలో దాస్తే తెలుగులో ఒక్కో గుర్తుకు మూడు బైట్లు పడతాయి, అంటే మొత్తం 85 గుర్తులు. ‘లక్ష్మి’ కంటికి రెండక్షరాలే, లోపల ఏడు గుర్తులు, 21 బైట్లు. ఒక చరణాన్ని పేరుగా పెడితే పరిమితి ఇట్టే దాటిపోతుంది. విచిత్రమేమిటంటే ఇక్కడ ఉదారుడు విండోసే. దాని లెక్క బైట్లలో కాదు, పదహారు బిట్ల ముక్కల్లో. 255 ముక్కలదాకా ఒప్పుకుంటుంది, తెలుగు గుర్తు ఒక్కొక్కటీ ఒక్క ముక్కే. అక్కడ సుఖంగా బతికిన తెలుగు పేరు లినక్సు గుమ్మం దగ్గర తల కొట్టుకుంటుంది. అయితే ఫోల్డర్ల పేర్లన్నీ కలిపిన మొత్తం దారి 260 గుర్తులు దాటితే, పాత ప్రోగ్రాములెన్నో విండోసులోనూ చేతులెత్తేస్తాయి. “లోపమంతా విండోసుదే” అన్న మా మిత్రుడికి ఈ సంగతి చెప్పినప్పుడు కాసేపు మాట్లాడలేదు.

ఇక మేము చేసిన మరమ్మతు సంగతి. ముందుగా సేకరణలోని పేర్లన్నిటినీ చిన్నక్షరాల్లోకి మార్చి వరసబెట్టి, రెండుసార్లు వచ్చినవాటిని ఏరాను. పదకొండు జంటలు దొరికాయి, పదకొండూ నేను పెట్టినవే. వాటిలో మడి కాక మరో రెండు పాటలు అప్పటికే ఒకదానిమీద ఒకటి పడిపోయి ఉన్నాయి, వేరే ఎవరో, వేరే ఎప్పుడో. వాటినీ చరిత్రలోంచి తోడి తీశాను. తర్వాత పేర్లు మార్చే పనంతా లినక్సు మీద కూర్చుని చేశాను. అక్షరం పరిమాణం ఒక్కటే మార్చవలసినచోట విండోసు మీద చేయబోతే, పాతదీ కొత్తదీ ఒకటేనంటుంది కాబట్టి కొన్నిసార్లు మధ్యలో వేరే పేరొకటి పెట్టి రెండు అంగల్లో దాటవలసి రావచ్చు.

ఇటువంటి పని చేయబోయేవారికి ఒక సలహా. పేరు మార్పునూ పాఠం దిద్దుబాటునూ ఒకే కమిట్‌లో కలపకండి. గిట్ పేరు మార్పును ప్రత్యేకంగా నమోదు చేసుకోదు. పోయిన ఫైలుకూ వచ్చిన ఫైలుకూ పోలిక చూసి తర్వాత ఊహించుకుంటుంది. పాఠం కూడా బాగా మారిపోతే ఆ పోలిక తెగిపోయి, పాత చరిత్ర దొరకడం కష్టమవుతుంది. ముందు పేర్లు మాత్రమే మార్చి నమోదు చెయ్యండి, అక్షరదోషాలు తర్వాత దిద్దుకోండి. విషయసూచికలోనూ ఇతర పాఠాల్లోనూ పాత పేర్లు ఉటంకించినచోట్లన్నీ వెతికి మార్చండి. పాత పేరు ఏది కొత్త పేరు ఏదని ఒక పట్టిక కూడా ఉంచండి, ఎప్పుడో రాసుకున్న పేరుతో వెతుక్కుంటూ వచ్చేవాళ్ళుంటారు.

కొత్త పేర్లు ఎలా ఉండాలన్నదానిమీద నెల రోజులు వాదించుకున్నాం. చివరికి ఒక వరస సంఖ్య, దాని పక్కన ఒక చిన్న గీత, చిన్నక్షరాల్లో ఒక మాట, అంతే. యూనిక్సు కుటుంబానికి ఉమ్మడి ప్రమాణమైన పోసిక్స్ ఎక్కడైనా చెల్లే పేర్లకు ఆంగ్లాక్షరాలు, అంకెలు, చుక్క, కింది గీత, అడ్డగీత మాత్రమే సూచిస్తుంది. మేము అందులోంచి పెద్దక్షరాలను కూడా తీసేశాం. పాట అసలు పేరు, పూర్తిగా, ప్రశ్నార్థకంతో సహా, ఐత్వంతో సహా, ఫైలు లోపల మొదటి పంక్తిలో తెలుగులో ఉంటుంది. విషయసూచిక ఆ పంక్తినుంచే తయారవుతుంది. ఎవరు ఏ మార్పు పంపినా, పేర్లు ఢీకొంటున్నాయా, నిషిద్ధమైనవేమైనా ఉన్నాయా అని చూసే చిన్న ప్రోగ్రాము గుమ్మం దగ్గరే కాపలా ఉంటుంది.

తెలుగు సేకరణలో ఫైళ్ళకు తెలుగు పేర్లు లేకపోవడమేమిటని మా చిన్న మిత్రుడికి ఇప్పటికీ బాధే. ఆ బాధలో న్యాయముంది. కంప్యూటరు మన భాషకు లోబడాలిగానీ మన భాష కంప్యూటరుకు లోబడడమేమిటని అడిగేవారిని నేను చిన్నచూపు చూడను. అటువంటివారి పట్టుదల వల్లనే మనమివాళ తెరమీద తెలుగు చదువుకుంటున్నాం. తెలుగులోనే పేర్లు పెట్టదలచిన ప్రాజెక్టు పెట్టుకోవచ్చు కూడా. అప్పుడు ఐత్వాన్ని ఎప్పుడూ ఒకే గుర్తుగా దాచాలని, కనబడని గుర్తులు పేర్లలో ఉండకూడదని, నిడివి ఇంతకు మించకూడదని నియమాలు పెట్టుకుని, వాటిని మనుషులకు వదలకుండా యంత్రం చేత కాపలా కాయించాలి. నా మటుకు నాకు, ఫైలు పేరు ఇంటి నంబరులాంటిది. తాళపత్ర గ్రంథాలయాల్లో కట్టమీద అంకె ఉంటుంది, కావ్యం పేరు లోపల పత్రంమీద ఉంటుంది. అంకె వేసినందువల్ల కావ్యానికి అవమానమేమీ జరగలేదు.

అయినా నేను చెప్పదలచుకున్నది లిపి గురించి కాదు. పేరు పెట్టేవాడికి తన కంప్యూటరు సుఖంగానే ఉంటుంది. ఆ పేరు చెడగొట్టేది ఎక్కడో దూరాన ఉన్నవాడి పనిని. వాడికి కారణం తెలియదు, మనకు లక్షణం కనబడదు. ఈ దూరమే అసలు జబ్బు. ఓపెన్ సోర్సు అంటే మూలం చూపించడం మాత్రమే అనుకున్నంతకాలం “నా దగ్గర బాగానే పనిచేస్తోందే” అన్న మాట సమాధానంలా వినిపిస్తుంది. ఎవరైనా రావచ్చని తలుపు తెరిచి ఉంచినవాళ్ళం, వచ్చేవాళ్ళలో అందరికన్నా ఇరుకైన యంత్రం ఎవరిదో కనుక్కుని దానికి సరిపడా గుమ్మం కట్టాలి. ఏ వ్యవస్థ నియమం శాస్త్రీయమో, ఏది పాత చాదస్తమో తేల్చడం మన పని కాదు. 1981 నాటి ప్రింటరు పేరు హాస్యాస్పదమే కావచ్చు. దానివల్ల మా అనుబంధాల ఫోల్డరు తెరుచుకోనివాడి ఇబ్బంది హాస్యాస్పదం కాదు.

“విండోసు వదిలేసి లినక్సు పెట్టుకోమనండి” అనే సలహాను నేనూ గతంలో చాలామందికి ఇచ్చాను. లినక్సుమీద నాకిప్పటికీ ప్రీతి తగ్గలేదు. కానీ మనవడి దయవల్ల ఒక పాత కంప్యూటరు దొరికిన పెద్దాయనతో ఆ మాట అనడం, బస్సులేని ఊరినుంచి నడిచి వచ్చినవాణ్ణి కారులో రాలేదేమని అడగడమే. ఆయన దగ్గరున్నవి పాటలు. మాకు కావలసినవీ పాటలే. పేర్ల నియమం నేర్చుకోవలసిన భారం పేర్లు పెట్టినవాడిది. గిట్ కూడా 2018 నుంచి, దింపుకునేటప్పుడు ఇలా పేర్లు ఢీకొంటే హెచ్చరిస్తోంది. మంచిదే. ఆ హెచ్చరిక ఇంగ్లీషులో, నల్ల తెరమీద, దింపుకునే ఒక్క క్షణంలో వచ్చిపోతుంది. మాష్టారి ఇంట్లో దింపినవాడు మనవడు. వాడు చూశాడో లేదో గానీ, మాష్టారు మాత్రం చూడలేదు. ఆయన చూసినది తన కళ్ళ ముందున్న వింత, దాన్ని ఆయన మాకు చెప్పారు కూడా. హెచ్చరిక అందలేదని సాకు చెప్పుకోవడానికి నాకు వీల్లేదు.

పేర్ల పని పూర్తయ్యాక మాష్టారికి ఫోను చేసి, తప్పు ఎలా జరిగిందో, ఎవరిదో వివరంగా చెప్పి క్షమాపణ అడిగాను. ఓపికగా విన్నారు. పెద్ద ‘డి’, చిన్న ‘డి’ సంగతి విని నవ్వారు. “అయితే మడి మీద మది పడిందన్నమాట” అన్నారు. మళ్ళీ ఆ మూడు మీటలూ నొక్కుతారా అని అడిగితే, “అది మాత్రం వద్దు బాబూ, చెయ్యి వణుకుతుంది” అన్నారు. వయసు వల్ల అన్నారో, మేం రాసిన ఉత్తరం వల్ల అన్నారో నేను రెట్టించి అడగలేకపోయాను. ఇప్పుడు పాటలు కాగితంమీద రాసి, మనవడి చేత ఫొటో తీయించి పంపిస్తున్నారు. నేను టైపు చేసి చేరుస్తున్నాను. మొన్న పంపినదానితోపాటు, తిరిగి దొరికిన ఊడ్పు పాటలో రెండో చరణం ఒకచోట తప్పుగా ఎక్కించామని కూడా రాశారు. చూస్తే నిజమే.

కొత్తగా చేరేవారి కోసం మేము రాసుకున్న సూచనల్లో పేర్ల నియమాలన్నీ ఉన్నాయి. వాటన్నిటికన్నా పైన, మొదటి పంక్తిలో నేను చేర్చిన వాక్యం ఇది: “మీరు ముట్టుకోని ఫైలు మారినట్టు కనబడితే దయచేసి మాకు చెప్పండి. తప్పు మీది కాకపోవచ్చు.”